బెత్తం పోయింది, దాని చోట ఏం పెట్టుకున్నాం?

ప్రశ్న: నమస్కారమండీ. మేము వనస్థలిపురంలో ఉంటాం. మా అబ్బాయి ఏడో తరగతి, పన్నెండేళ్ళు నిండాయి. చదువులో ఫర్వాలేదు, అల్లరి మాత్రం ఎక్కువ. పోయిన వారం వాళ్ళ సోషల్ మేడం మాట్లాడే తీరును అనుకరిస్తూ నా ఫోనులో వీడియో తీసి, తరగతి పిల్లలు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వేశాడు. అది చివరికి మేడం దగ్గరికే చేరింది. మర్నాడు ఆమె వాడిని రెండు పీరియడ్లు తరగతి బయట వరండాలో నిలబెట్టి, "ఇంట్లో పెంపకం సరిగా లేకపోతే ఇలాగే తయారవుతారు" అని అందరి ముందూ అన్నారట. వాడు ఇంటికి వచ్చి అన్నం తినకుండా ఏడ్చాడు. శనివారం మమ్మల్ని రమ్మని డైరీలో రాసి పంపారు.

మావారు బడికి వెళ్ళి గట్టిగా నిలదీస్తానంటున్నారు, అవసరమైతే టీసీ తీసుకుని వేరే బడిలో వేద్దామంటున్నారు. మా మామగారు నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా చేసి రిటైరయ్యారు. "మా రోజుల్లో నాలుగు తగిలిస్తే మళ్ళీ ఆ పని చేసేవాడు కాదు. నా చేతి దెబ్బలు తిన్నవాళ్ళు ఇవాళ ఇంజనీర్లు, డాక్టర్లు అయ్యారు. మీరే వెళ్ళి కొట్టమని ఆ టీచరమ్మకు చెప్పి రండి" అంటున్నారు. నేను చదువుకున్నప్పుడు స్కేలు నిలువుగా పట్టి వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు, ఆ నొప్పి నాకు ఇంకా గుర్తుంది. అందుకని మామగారి మాట మనసుకు ఎక్కదు. అలాగని వాడు చేసినది చిన్న తప్పని సరిపెట్టుకోలేకపోతున్నాను. మన పిల్లలను మనమే మరీ గారాబం చేసి పాడుచేస్తున్నామా? ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలి? శనివారం ఏం మాట్లాడాలి?

— ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, శనివారం లోపు మీరు ఒక నిర్ణయానికి రావలసి ఉంది కాబట్టి ముందుగా తేల్చవలసినది తేల్చి చెబుతాను. మీ అబ్బాయి చేసినది తప్పే, దానికి వాడు ఆ టీచరుగారి ఎదుట నిలబడి స్వయంగా బదులు చెప్పుకోవాలి. ఆమె వాడిని రెండు పీరియడ్లు బయట నిలబెట్టి, మీ పెంపకాన్ని తరగతి అంతటి ముందూ ఎత్తిచూపడం కూడా తప్పే, ఆ సంగతి మీరు ఆమెతో మర్యాదగా, పిల్లవాడు లేని చోట చెప్పాలి. ఈ రెండింటిలో ఒకదానికి మరొకటి చెల్లు కాదు. మీ మామగారి దృష్టి అంతా మొదటి తప్పు మీద ఉంది, మీ వారి దృష్టి అంతా రెండో దాని మీద ఉంది. ఇద్దరికీ పిల్లవాడి మీద ప్రేమే ఉన్నా, ఇద్దరిలో ఎవరి దారిన వెళ్ళినా వాడు తాను చేసిన పనికి తాను నిలబడవలసిన అవసరం లేకుండానే ఈ వ్యవహారం ముగిసిపోతుంది.

మీ మామగారి మాటను తీసిపారేయకండి. ఆయన అనుభవం నిజం, ఆయన శిష్యుల ఉన్నతి కూడా నిజం. ఎండాకాలం సెలవుల్లోనో సంక్రాంతికో మన ఊళ్ళలో పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరిగినప్పుడు, పాతికేళ్ళ కిందటి పదో తరగతి బ్యాచి వాళ్ళంతా కలిసి తమ గురువులను పిలిపించి, శాలువాలు కప్పి, పాదాలకు మొక్కి, "ఆ రోజు మీరు కొట్టబట్టే ఇవాళ ఇలా ఉన్నాం సార్" అని మైకులో చెప్పడం మీరూ చూసే ఉంటారు. ఆ కృతజ్ఞతలో కల్పన ఏమీ లేదు. అయితే ఆ వేదిక దాకా వచ్చినవాళ్ళు పదో తరగతి దాకా నిలిచినవాళ్ళు. మూడో తరగతిలోనో ఐదో తరగతిలోనో దెబ్బలకు జడిసి బడి ఎగ్గొట్టడం మొదలుపెట్టి, ఎగ్గొట్టినందుకు మరిన్ని దెబ్బలు తిని, చివరకు గొర్రెలు కాయడానికో నగరానికి వచ్చి హోటల్లో బల్లలు తుడవడానికో కుదిరిపోయిన పిల్లవాడు ఆ బ్యాచి ఫొటోలో ఉండడు, వాడి చేతికి మైకు రాదు. కొట్టడం వల్ల బాగుపడ్డవారి లెక్క మనకు ప్రతి ఏడూ వినిపిస్తుంది, కొట్టడం వల్ల బడికి దూరమైనవారి లెక్క చెప్పేవారు లేరు. మీ మామగారు ఇంజనీర్లయిన శిష్యులను గుర్తుచేసుకున్నప్పుడు, ఆరో తరగతి హాజరు పట్టీలో ఉండి పదో తరగతి పట్టీలో లేని పేర్లను కూడా గుర్తుచేసుకోమని మెల్లగా అడగండి. అన్నేళ్ళు బడి నడిపిన మనిషికి ఆ పేర్లు తప్పకుండా గుర్తుంటాయి.

మరొక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో దెబ్బలు అందరికీ ఒక్క తీరున పడలేదు. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడి కొడుకు ఎక్కం తప్పితే మందలింపుతో పోయేది, కూలికి వెళ్ళే తల్లిదండ్రుల పిల్లవాడు అదే ఎక్కం తప్పితే బరికె విరిగేది. ఇంట్లో దీపం లేక లెక్కలు చేసుకురాలేనివాడు, పుస్తకం కొనలేక ఉత్త చేతులతో వచ్చినవాడు, చెల్లెలిని ఎత్తుకుని ఆలస్యంగా వచ్చిన ఆడపిల్ల, వీళ్ళకు పడిన దెబ్బలన్నీ క్రమశిక్షణ ఖాతాలోనే రాసుకున్నాం. కులం పేరు కలిపి తిట్టిన తిట్లు దెబ్బలకన్నా ఎక్కువ కాలం మిగిలాయి. ఆ కాలాన్ని తలచుకుని మురిసిపోయేటప్పుడు ఈ భాగాన్ని వదిలేయడం న్యాయం కాదు.

మన తెలుగునాట బడి శిక్షలకు సుదీర్ఘమైన వారసత్వమే ఉంది. వీధిబడుల కాలంలో కోదండం వేసేవారు, అంటే దూలానికి తాడు కట్టి పిల్లవాడిని దానికి వేలాడదీసేవారు. తొడపాశం, గుంజీలు, గోడకుర్చీ, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, చింతబరికె, బెంచీ ఎక్కించడం తరువాతి తరాలకు తెలిసినవే. మన హైదరాబాద్ బడుల్లో ముర్గాను చేయడం, అంటే వంగి కాళ్ళ కింది నుంచి చేతులు పోనిచ్చి చెవులు పట్టుకోమనడం, నిన్నమొన్నటి దాకా మామూలు విషయం. పిల్లవాడిని బడిలో వేసేటప్పుడు "హడ్డీ హమారీ, చమ్డీ ఆప్కీ" అని, అంటే ఎముకలు మాత్రం మాకు మిగిల్చి చర్మం మీరు తీసుకోండని, తండ్రులు నోరారా చెప్పి అప్పగించేవారు.

ఆ శిక్షలు వేటికి పడేవో ఒకసారి చూడండి. అల్లరికి, అబద్ధానికి, దొంగతనానికి పడినవి కొన్ని ఉంటాయి. కానీ వాటికన్నా ఎక్కువ దెబ్బలు పాఠం రానందుకు పడ్డాయి. ఎడమ చేత్తో రాసినందుకు, అక్షరాలు తారుమారు చేసినందుకు, నత్తిగా పలికినందుకు, ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట్లాడినందుకు, ఫీజు ఆలస్యమైనందుకు కొట్టారు. అక్షరాలు తారుమారు కావడం మొండితనమో బద్ధకమో కాదని, అది నేర్చుకోవడంలోని ప్రత్యేకమైన ఇబ్బంది కావచ్చునని మన వికలాంగుల హక్కుల చట్టం 2016లో గుర్తించింది. అంతకు ముందు తరాల్లో అలాంటి పిల్లలకు "మొద్దబ్బాయి" అనే పేరు, వెనక బెంచీ, బరికె దెబ్బ, ఈ మూడే దక్కాయి. తరాల మధ్య వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే: శిక్ష తగ్గడంతోపాటు, ఏది తప్పు, ఏది తప్పు కాదు అన్న తెలివిడి కొంత పెరిగింది.

చట్టం విషయంలో మీ మామగారికి స్పష్టంగా చెప్పవలసినది ఒకటి ఉంది. మీరు వెళ్ళి కొట్టమని చెప్పినా, రాసిచ్చినా, ఆ టీచరుగారికి కొట్టే అధికారం రాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తించే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది, తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఫర్వాలేదనే మినహాయింపు అందులో లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకు ముందే, 2002లోనే, తన విద్యా నియమాలను సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో గోడకుర్చీ వేయించడం, తల మీద బ్యాగు పెట్టి నిలబెట్టడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం లాంటివి శారీరక శిక్షల కిందికే వస్తాయి. తల్లిదండ్రుల వృత్తినీ, కులాన్నీ ఎత్తి కించపరచడం, అందరి ముందూ సిగ్గుపడేలా మాట్లాడడం మానసిక వేధింపు కిందికి వస్తాయి. కాబట్టి మీ పెంపకం గురించి తరగతి ముందు అన్న మాట, మీ వారికి కోపం తెప్పించినదనే కాదు, నియమం ప్రకారం కూడా అనకూడనిది.

నిషేధాలు కాగితం మీద ఉండగానే దెబ్బలు కొనసాగాయన్నది కూడా నిజమే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించి 2007లో వెలువరించిన అధ్యయనంలో, బడికి వెళ్ళే పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. ఆ రాష్ట్రాల్లో మనదీ ఒకటి. యంగ్ లైవ్స్ అనే దీర్ఘకాలిక పరిశోధన 2002 నుంచి మన తెలుగు జిల్లాల్లోనూ హైదరాబాద్ నగరంలోనూ కలిపి సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చింది. 2009లో అడిగినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లల్లో నాలుగింట మూడు వంతులకు పైగా, గడచిన వారంలోనే టీచరు తమను కొట్టారని చెప్పారు. పదిహేనేళ్ళ వాళ్ళలో అలా చెప్పినవారు మూడింట ఒక వంతు మాత్రమే. ఈ తేడాను మీ మామగారి ముందు తప్పకుండా పెట్టండి. ఎనిమిదేళ్ళ పసివాడు చేసే అల్లరి ఎంత, పదిహేనేళ్ళ వాడు చేయగల అల్లరి ఎంత? దెబ్బ నిజంగా తప్పును బట్టే పడేదైతే పెద్ద పిల్లలకే ఎక్కువ పడాలి. తిరగబడలేని వయసులో ఎక్కువ పడి, మీసం మొలిచే వయసు వచ్చేసరికి తగ్గిపోయిందంటే, అది పిల్లవాడి తప్పును కాక వాడి బలహీనతను చూసి పడిన దెబ్బ అని నాకు అనిపిస్తుంది. బడి ఎందుకు నచ్చదని అడిగితే ఆ పిల్లలు చెప్పిన కారణాల్లో అన్నిటికన్నా ముందున్నవి బడిలోని దెబ్బలు, తిట్లే.

ఇంతవరకు చదివి మీ వారు తన వాదనే నెగ్గిందని అనుకోకుండా ఉండాలంటే, రెండో పక్క కూడా అంతే శ్రద్ధగా చెప్పాలి.

మీ మామగారి తరం ఉపాధ్యాయులకు బరికెతోపాటు మరొక బలం ఉండేది. వారిలో చాలామంది బడి ఉన్న ఊళ్ళోనే కాపురం ఉండేవారు. ఏ పిల్లవాడి తండ్రి తాగివచ్చి కొడతాడో, ఏ ఇంట్లో నెల రోజులుగా జబ్బు మనిషి మంచం మీద ఉన్నాడో వారికి తెలిసేది. రెండు రోజులు బడికి రాకపోతే గుమ్మం ముందుకు వచ్చి కేక వేసేవారు. పదో తరగతి పిల్లలను రాత్రిళ్ళు బడిలోనే కూర్చోబెట్టి, దైనందిన పాఠాలు అయ్యాక కూడా పైసా తీసుకోకుండా చదివించేవారు. దారిలో సంతలో తల్లి ఎదురైతే పిల్లవాడి సంగతి అక్కడే నాలుగు మాటలు అనుకునేవారు. ఇంట్లోవాళ్ళు, బడిలోవాళ్ళు ఒకే మాట మీద ఉన్నారని పిల్లవాడికి తెలుసు, కాబట్టి వీళ్ళ దగ్గర తప్పించుకుని వాళ్ళ దగ్గర దాక్కునే దారి లేదు. ఆ శిష్యులు ఈ వయసులో కూడా మీ మామగారి పాదాలకు మొక్కుతున్నారంటే, బరికెను మించి ఆ పరిచయమూ ఆ పట్టింపూ వారిలో నిలిచాయని నేను గట్టిగా నమ్ముతాను. బరికె మాత్రమే ఉండి ఈ పట్టింపు లేని మాస్టారు కూడా ప్రతి బడిలోనూ ఒకరు ఉండేవారు, వారికి శాలువా కప్పడానికి ఎవరూ రారు.

బరికెను తీసేయడం సరైన పనే. అయితే దానితోపాటే ఆ పరిచయం కూడా పోయింది, దానిని తిరిగి తెచ్చే ఏర్పాటు మనం చేయలేదు. మీ అబ్బాయి సోషల్ మేడం బహుశా నాలుగైదు సెక్షన్లకు పాఠం చెబుతూ ఉంటారు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంటుంది, ఒక్కో గదిలో అంతకు మించి కూర్చోబెట్టిన ప్రైవేటు బడులు నగరంలో ఎన్నో ఉన్నాయి. ఆమె ఎక్కడో దూరం నుంచి రెండు బస్సులు మారి వస్తూ ఉండవచ్చు, ఆమె జీతం మీరు కట్టే ఫీజుతో పోల్చదగినదిగా ఉండకపోవచ్చు. కొట్టకూడదని ఆమెకు గట్టిగా చెప్పినవారు, ఎదురు తిరిగిన పన్నెండేళ్ళ పిల్లవాడిని ఎలా దారికి తెచ్చుకోవాలో అంత గట్టిగా నేర్పలేదు. అందుకే నేటి బడుల్లో శిక్ష రూపం మార్చుకుంది: బయట నిలబెట్టడం, డైరీలో ఎర్ర సిరాతో రాయడం, తల్లిదండ్రుల గ్రూపులో పేరు పెట్టి సందేశం పంపడం, టీసీ ఇచ్చేస్తామని బెదిరించడం, కాస్త వెనకబడిన పిల్లలను వేరే సెక్షనులోకి తోసేయడం. వీటిలో రక్తం రాదు, వాత తేలదు. కానీ పిల్లవాడిని సిగ్గుపరచడం, తన బాధ్యతలోంచి దూరంగా పంపేయడం వీటన్నిటిలోనూ ఉన్నాయి, తప్పు సరిదిద్దుకునే దారి వీటిలో దేనిలోనూ లేదు. ఆ టీచరుగారి మాట తప్పేనని పైన చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను. అయినా తన మాట తీరును వెక్కిరించిన వీడియోను పిల్లలంతా చూసి నవ్వుకున్నారని తెలిసిన మర్నాడు ఉదయం అదే తరగతిలోకి అడుగుపెట్టడం ఎంత కష్టమో ఒక్కసారి ఆమె స్థానంలో ఉండి ఆలోచించండి. వెనకటికి మాస్టారిని వెక్కిరిస్తే చెట్టు కింద నలుగురి మధ్య నవ్వుగా మొదలై అక్కడే ముగిసేది. ఫోనులోకి ఎక్కినది ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటుందో చెప్పలేం. మీ అబ్బాయి తప్పు పెద్దదని మీకు తోచడానికి కారణం ఇదే, మీ మనసు సరిగానే చెప్పింది.

మరీ గారాబం చేస్తున్నామా అని అడిగారు. కొట్టకపోవడాన్ని నేను గారాబం అనను. పిల్లవాడు ఎదుర్కోవలసిన మనిషిని వాడి బదులు మనం ఎదుర్కోవడం, వాడు చెప్పవలసిన క్షమాపణ మనం చెప్పేయడం, లేదా ఫీజు కట్టాం కదా అని క్షమాపణ అవసరమే లేకుండా చేయడం, వీటినే గారాబం అంటాను. మీ వారు శనివారం వెళ్ళి రిసెప్షను దగ్గర గొంతు పెంచితే, ఆ సాయంత్రానికి వీడియో సంగతి అందరూ మరచిపోతారు, నాన్న బడిని అదరగొట్టిన సంగతే మిగులుతుంది. టీసీ తీసుకుని వేరే బడిలో వేస్తే, ఒక మనిషిని నొప్పించాక ఆ మనిషికి మళ్ళీ కనబడకుండా వెళ్ళిపోవచ్చునని పన్నెండేళ్ళకే నేర్పినవారవుతారు. మునుపు పిల్లవాడికి ఇల్లు, బడి కాక వీధి కూడా ఉండేది, అరుగు మీది తాతయ్యో పక్కింటి పిన్నిగారో "ఏరా, ఏమిటా పని" అంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఇవాళ అపార్టుమెంటులో పక్క ఫ్లాటు పిల్లవాడు లిఫ్టు బటన్లన్నీ నొక్కేసినా మందలించడానికి జంకుతున్నాం. మందలించే పెద్దలు ఇంత తగ్గిపోయిన చోట, మిగిలిన ఇద్దరు ముగ్గురూ ఒకరితో ఒకరు తగవుపడితే పిల్లవాడికి ఎవరి మాటా దక్కదు.

ఇక చేయవలసిన పనులు. ముందుగా మీరిద్దరూ, మామగారు లేనప్పుడు, మీ అబ్బాయిని కూర్చోబెట్టి జరిగినదంతా మొదటి నుంచి చెప్పించండి. "ఎందుకు చేశావు" అని అడగకండి, ఆ ప్రశ్నకు ఆ వయసులో "ఊరికే" తప్ప జవాబు రాదు. "ఏం చేశావు, ఎవరెవరికి పంపావు, వాళ్ళు ఏమన్నారు, మేడం చూస్తే ఎలా ఉంటుందనుకున్నావు" అని అడగండి. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి, అన్నం పెట్టండి, బయట నిలబెట్టినప్పుడు వాడికి ఎలా అనిపించిందో కూడా చెప్పనివ్వండి. అందరి ముందూ తలవంపు అంటే ఏమిటో వాడికి మొన్ననే అనుభవమైంది కాబట్టి, మేడంకు ఎలా అనిపించి ఉంటుందో వాడికి బోధపరచడానికి మీకు పెద్దగా మాటలు అవసరం పడవు. తరువాత ఆ వీడియోను మీ ఫోనులోంచి వాడి చేతనే తీసేయించండి. గ్రూపులో "అది నేను చేసిన తప్పు, దయచేసి అందరూ తీసేయండి, ఎవరికీ పంపవద్దు" అని వాడి మాటల్లో వాడినే రాయమనండి. వాట్సాప్ నియమాల ప్రకారమే పదమూడేళ్ళు నిండనివారు తమంతట తాము అందులో ఖాతా తెరవకూడదు, ఆ గ్రూపు మీలాంటి తల్లిదండ్రుల నెంబర్ల మీదే నడుస్తోంది. కాబట్టి కొంతకాలం మీ ఫోను వాడికి ఇవ్వకండి, ఎప్పుడు తిరిగి ఇస్తారో ఆ తేదీ ముందే చెప్పి క్యాలెండరులో రాయండి. ఆ తేదీ వచ్చాక పాత కోపం తీసి పొడిగించకండి, ముందుగా కరిగిపోయి తగ్గించకండి.

క్షమాపణ ఉత్తరం మీరు చెప్పి రాయించవద్దు, వందసార్లు సారీ రాయించవద్దు. శనివారం వాడు మేడం ఎదుట నిలబడి, తాను ఏం చేశాడో, దాని వల్ల ఆమెకు ఏమైందనుకుంటున్నాడో రెండు మూడు వాక్యాల్లో నోటితో చెప్పాలి, మీరు పక్కన ఉన్నా వాడి తరఫున మాట కలపకూడదు. ఆ తరువాత "నేను ఏం చేస్తే మీకు న్యాయంగా ఉంటుంది మేడం" అని వాడే అడగాలి. తరగతి ముందు ఒప్పుకోమని ఆమె అంటే, వాడు సిద్ధంగా ఉంటే ఒప్పుకోనివ్వండి, బలవంతంగా నిలబెట్టి అవమానించడంగా మారుతుంటే మాత్రం మీరు అడ్డుకోండి. ఆమె పాఠానికి పటాలు గీయడమో, చార్టులు తయారుచేయడమో లాంటి పని ఏదైనా ఇస్తే సంతోషంగా చేయించండి. నష్టం చేసిన చేతితోనే దాన్ని సరిదిద్దే పని చేసినప్పుడు పిల్లవాడికి తన మీద తనకు గౌరవం తిరిగి వస్తుంది.

ఇది అయ్యాక వాడిని బయట కూర్చోబెట్టి, రెండో సంగతి ఎత్తండి. ఈ మాట మీరు చెప్పడం మంచిది, మీ వారు పక్కన ఉండి బలపరచాలి. "మా వాడు చేసినది తప్పే, మేమే ముందు ఒప్పుకున్నాం. కానీ పాఠం పోయేలా బయట నిలబెట్టడం, తరగతి ముందు మా పెంపకం గురించి అనడం మాకు బాధ కలిగించాయి. ఇకమీదట ఏదైనా ఉంటే మాకు నేరుగా ఫోను చేయండి, మేము అదే రోజు వస్తాం" అని చెబితే చాలు. తప్పులు జరిగినప్పుడు బడి ఏం చేస్తుందో రాతపూర్వకమైన విధానం ఉందా అని ప్రిన్సిపాలుగారిని అడగండి, లేకపోతే ఒకటి పెట్టమని కోరండి. ఆ తరువాత కూడా అవమానించడం కొనసాగితే ప్రిన్సిపాలుకు ఉత్తరం, దానికీ ఫలితం లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, పిల్లల కోసం ఉన్న 1098 హెల్ప్‌లైను ఉన్నాయి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అంతదాకా వెళ్ళవలసిన వ్యవహారంగా నాకు కనబడలేదు. ఒక్కటి మాత్రం గమనించండి: అల్లరి అన్నారు గానీ, కుదురుగా కూర్చోలేకపోవడం, రాయడంలో అక్షరాలు పదే పదే తప్పడం, ఇంట్లోనూ ఎవరితోనూ కలవలేకపోవడం లాంటివి చాలాకాలంగా ఉంటే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ (NIEPID)కో తీసుకువెళ్ళి ఒకసారి చూపించండి. ఇప్పటికిప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ 14416 నెంబరు ఉంది.

మీ మామగారిని ఇంట్లో వదిలేసి వెళ్ళకండి. ఆయనను కూడా శనివారం తీసుకువెళ్ళండి, అయితే కొట్టమనే మాట అక్కడ ఎత్తనని ముందుగా ఆయన దగ్గర మాట తీసుకోండి. మనవడి ముందు "మా రోజుల్లో అయితేనా" అనే వాక్యం కొన్నాళ్ళు పక్కన పెట్టమని కూడా కోరండి, అది వింటే పిల్లవాడికి తాను తప్పించుకున్న దెబ్బలే గుర్తుంటాయి గానీ తాను చేసిన పని గుర్తుండదు. మీరిద్దరూ ప్రిన్సిపాలుగారితో మాట్లాడుతున్నప్పుడు ఆయనను ఆ టీచరుగారితో కాసేపు కూర్చోనివ్వండి. ఇన్నేళ్ళు తరగతి గదిలో గడిపిన ప్రధానోపాధ్యాయులు, "మా మనవడి వల్ల మీకు కష్టం కలిగిందమ్మా, ఈ వయసు పిల్లలతో నేనూ వేగాను" అని ఆమెతో అంటే, ఆ మాటకు ఉండే బరువు మీ మాటకు గానీ మీ వారి మాటకు గానీ రాదు. తరగతిలో ఎదురు తిరిగిన పిల్లవాడి ఇంటికి తాను ఎలా వెళ్ళేవారో, తండ్రితో ఏం మాట్లాడేవారో, ఏ పిల్లవాడికి ఏ బాధ్యత అప్పగించి దారికి తెచ్చుకున్నారో ఆమెకు చెప్పమనండి. ఆ టీచరుగారికి పనికివచ్చే అనుభవం మీ ఇంట్లో ఆయన దగ్గరే ఉంది.